చింతపూల అంచు రాజీ

పోయిన నెల మా పెనుకొండ గ్రంథాలయంలో లైబ్రేరియను నాకోసం ఒక పుస్తకం బల్ల కింద తీసిపెట్టి ఉంచాడు. నాకంటే చాలా చిన్నవాడు. అయినా నేను ఏది చదువుతానో, ఏది సగంలో వదిలేస్తానో మా పుట్టింటివాళ్ళకంటే అతనికే బాగా తెలుసు. "అమ్మా, ఇది వచ్చి శానా దినాలాయ. ఒక్కరూ ముట్టుకోల్యా. మీరైతే చదువుతారని పెట్టినా" అన్నాడు. వ్యాపారంలో రాసుకున్న ఒప్పందాలు చెడినప్పుడు కోర్టుకు పోకుండా కూర్చుని తేల్చుకునే పద్ధతుల గురించి ఎవరో వకీలు రాసిన పుస్తకం అది. నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా ఆ గ్రంథాలయం బెంచీల మీద, కిటికీ పక్కన, కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను కింద చదువుకున్నదే. అందుకని కష్టమైన పుస్తకం చేతికిస్తే నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. తగాదా విని తీర్పు చెప్పేవాడు వేరు, తీర్పు చెప్పకుండా తగాదా పడినవాళ్ళ చేతనే దారి వెతికించేవాడు వేరు అని, ఆ రెండో పనికి చట్టంలో కూడా చోటు ఉందని ఇప్పుడు నాకు తెలుసు. మా ఆయన బతికినంతకాలం చేసింది ఆ రెండో పని. చట్టం సంగతి ఆయనకు పట్టలేదు. ఆ పుస్తకంలో ఒకచోట, రాజీ చేసే మనిషి రెండు పక్షాలకూ సమానమైన దూరంలో ఉండాలనీ, ఎవరితోనూ సొంత సంబంధాలు పెట్టుకోకూడదనీ ఒక అరపేజీ ఉంది. కింద ఒక ఉదాహరణ కూడా ఇవ్వలేదు. అంత సులభమైన విషయానికి ఉదాహరణ ఎందుకనుకున్నాడేమో రాసినాయన. నేను అక్కడ ఆగిపోయి చాలాసేపు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. నా కాపురమంతా ఆ అరపేజీలోనే గడిచింది.

మా ఆయన దస్తావేజులు రాసేవాడు. పొలాల క్రయపత్రాలతో మొదలుపెట్టి, పోనుపోనూ పట్టు వ్యాపారుల ఒప్పందాలు రాయడంలో పేరుపడ్డాడు. రాసిన ఒప్పందం చెడితే, రాసింది నువ్వే కదా, నువ్వే చెప్పు అని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. అలా రాజీలు అలవాటయ్యాయి. మా రైలు దారిలో పట్టు అంటే రెండు ఊళ్ళు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు, దారం తీసేవాళ్ళు, పెద్ద చీరల అంగళ్ళు. ధర్మవరంలో మగ్గాలు. ఒకరు లేకుండా ఒకరికి జరగదు కాబట్టి ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. నేను చెప్పిన రంగు ఇది కాదని ఒకరంటే, నువ్విచ్చిన దారమే అట్లాంటిదని ఇంకొకరు. రెండు ఊళ్ళకూ నడుమ మా పెనుకొండ. హిందూపురంలో కూర్చుంటే ధర్మవరమాయన కొత్త చుట్టంలా కుర్చీ అంచున కూర్చుంటాడు. ధర్మవరంలో కూర్చుంటే హిందూపురమాయన మాటిమాటికీ వాచీ చూసుకుంటాడు. పెనుకొండలో ఇద్దరూ పరాయివాళ్ళే. ఎంత పెద్ద షావుకారైనా కారు స్టేషను దగ్గర నిలిపి మా వీధిలోకి నడిచి రావాలని మా ఆయన షరతు. "నడుస్తే సగం కోపం చెప్పుల్లోనే అరిగిపోతాది" అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్ళు తమ గోడు ముందుగా చెప్పుకోకూడదు. ఎదుటివాడి బాధ ఏమిటో ఇతను చెప్పాలి. అది విని ఎదుటివాడు "అవును, నా బాధ అదే" అని ఒప్పుకోవాలి. అప్పుడుగానీ ఇతనికి తన సంగతి చెప్పుకునే వంతు రాదు. వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ దారి పొడవునా మాటలు కూడగట్టుకుని, అరవడానికి సిద్ధమై వచ్చిన మనిషిని అవతలివాడి తరఫున మాట్లాడమంటే ఆ ముఖం చూడాలి. ఒక దారం వ్యాపారి "వాని కత నేనెందుకు చెప్పాలప్పా? వానికి నోరు ల్యాదా?" అని విసురుగా లేచి స్టేషనుకు పోయాడు. రైలు ఆలస్యమయింది. బెంచీ మీద కూర్చుని కూర్చుని ఏమనుకున్నాడో, తిరిగి వచ్చి వాని కథ వానికంటే బాగా చెప్పాడు.

ఆయన రెండో నియమం మాత్రం నేరుగా నా నెత్తిన పడింది. పట్టు ఒప్పందాలు చేసుకునే వాళ్ళెవరి ఇంట్లోనూ మేము తినకూడదు, తాగకూడదు. వాళ్ళకు మా ఇంట్లో పెట్టకూడదు. వసారాలో ఒక నీళ్ళ కుండ ఉండేది. ఎవరికి వాళ్ళు ముంచుకుని తాగాల్సిందే, నేను చేతికి అందించకూడదు. ఎండలో నడిచి వచ్చిన మనిషికి గ్లాసు మజ్జిగ ఇవ్వకుండా తలుపు వెనకాల నిలబడటం కొత్త కాపురంలో నాకు ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి, "ఏం ఇల్లే ఇది! కోర్టు కాడైనా టీ అంగడి ఉంటాది" అంది. నేను ఆయనతో వాదించాను. "నువ్వు ఒకనికి రోంత ఎక్కువ పోస్తివనుకో, రాజీ తనకు నచ్చనప్పుడు ఇంగొకడు ఆ మజ్జిగనే తప్పు పడతాడు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. నష్టమొచ్చిన మనిషికి ఏదో ఒక కారణం కావాలి, నా మజ్జిగ దొరక్కుండా ఆయన దాచిపెట్టాడు, అంతే.

కానీ మా చుట్టుపక్కల పట్టుతో పనిలేని ఇల్లు ఎన్ని? పెళ్ళిపత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. పోయి, అక్షింతలు వేసి, భోజనాల పందిరివైపు తిరగకుండా వచ్చేసేవాళ్ళం. విస్తరి ముందు కూర్చోకుండా పోయే జంటను ఎవరూ రెండోసారి మనసారా పిలవరు. మొదట్లో బలవంతం చేసేవాళ్ళు, తరువాత నవ్వుకునేవాళ్ళు, చివరికి పత్రిక ఇచ్చి ఊరుకునేవాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా గడప దాకా వచ్చి, ఎందుకొచ్చారో మరిచిపోయినట్టు అక్కడినుంచే మాట్లాడి పోయేవాళ్ళు. మాకు పిల్లలు కలగలేదు. ఆయన రిజిస్ట్రారాఫీసు దగ్గర ఉంటే ఇంట్లో గోడ గడియారం చప్పుడు వసారా దాకా వినపడేది. గ్రంథాలయానికి పోవడం అలా మొదలైంది. పుస్తకాలవాళ్ళు ఎవరి పక్షమూ కాదు, వాళ్ళతో ఎంత చనువుగా ఉన్నా ఎవరూ అనుమానించరు. సముద్రంలో చేపల గురించి చదివాను, పరాయి దేశాల రాజుల గురించి చదివాను, ఇంట్లో ఒక్కసారి కూడా చెయ్యని వంటల గురించి కూడా చదివాను.

ధర్మవరం అక్క నాకు దొరికింది రైల్లో. హిందూపురం నుంచి వచ్చే ప్యాసింజరులో నా ఎదురుగా కూర్చుని, చాలాసేపు నా చేతిలోని నవల అట్టను చూసి, "ఇంతసేపటినుంచీ నవ్వుతాండావు, ఏముండాది మే అందులో?" అని అడిగింది. నేను చెప్పబోయాను. "చెప్పడం కాదు, చదువు. చెప్పేటోళ్ళు వాళ్ళకు కావాల్సింది చెప్తారు" అంది. చదివాను. పెనుకొండ వచ్చినా దిగలేదు, ధర్మవరం దాకా చదువుతూనే పోయాను. నాకంటే కొన్నేళ్ళు పెద్దది. పుట్టిల్లు బుక్కపట్నం. వాళ్ళాయన అప్పట్లో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసేవాడు, ఒప్పందాలూ లేవు, తగాదాలూ లేవు. ఆ సంగతి చెప్పగానే మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి "పో, పోయి తిను కూడా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనపడిన తేలిక నాకిప్పటికీ గుర్తుంది. నన్ను చూసి ఆయనకూ ఎన్నాళ్ళనుంచో మనసులో బరువుగా ఉండేదని అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి ప్రతి బేస్తవారం నేను ధర్మవరం పోయేదాన్ని. అక్క రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టుదారం చుట్టేది, నేను పక్కన గోడకు ఆనుకుని చదివేదాన్ని. లోపల మగ్గం గుంతలో కూర్చుని బావ నేసేవాడు. అక్కను అక్క అన్నాక ఆయన నాకు బావే కదా. మగ్గం చప్పుడు ఎక్కువైతే నేను గొంతు పెంచేదాన్ని, నేను గొంతు పెంచితే బావ మగ్గం ఆపి "ఆ దొంగముండాకొడుకు పట్టుబడ్న్యా లేదా?" అని అడిగేవాడు. అక్కకు కథలో మంచివాళ్ళంటే గిట్టేది కాదు. "ఇంత మంచిది ఈ లోకంలో యాడుండాది? ఆయమ్మకు రోంత కోపం రాసుంటే బాగుండు" అనేది. పట్టు తడి వాసన, బొరుగుల ఉగ్గాని, దానిమీద కరకరలాడే మిరపకాయ బజ్జీ, చెనక్కాయల ఊరుబిండి. ఒకరి చేత్తో పెట్టింది తినడం ఎంత పెద్ద విషయమో అలా రోజూ తినేవాళ్ళకు తెలియదు.

బావ కష్టపడే మనిషి. కొన్నేళ్ళకు సొంతంగా ఒక మగ్గం పెట్టుకున్నాడు, తరువాత ఇంకొన్ని వేసి మనుషుల్ని పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అక్క పుట్టింటికి పోయినప్పుడు చింతచెట్టు కింద కూర్చుంటే కొంగులో పూలు రాలాయట. చిన్న చిన్న పసుపు పూలు, రేకుల్లో ఎర్రటి గీతలు, కాడ దగ్గర ఒక మొగ్గ. అలాగే కొంగు ముడివేసి తెచ్చి బావకు చూపించి, "మామిడిపిందెలు చూసి చూసి కండ్లు కాయలు కాసినాయి. దీన్ని ఎక్కించు అంచు మీద" అంది. బావ ఆ డిజైనుకు అట్టలు కొట్టించాడు. మగ్గం పైన బిగించే, రంధ్రాలు పొడిచిన అట్టలు అవి. ఏ దారం లేవాలో, ఏది అణగాలో మగ్గానికి చెప్పేది ఆ అట్టలే. అవి ఎవరి దగ్గర ఉంటే డిజైను వాళ్ళదే. చింతపూల అంచు చీర చూసి హిందూపురంలో ఒక పెద్ద అంగడి షావుకారు ముచ్చటపడ్డాడు. ఆ అంచు ఇంకెవరికీ నేయకూడదు, నేసినవన్నీ నేనే తీసుకుంటానని ఒప్పందం రాసుకున్నారు. ఆ కాగితం మా ఆయన రాయలేదు, హిందూపురంలోనే ఎవరో రాశారు. అందుకని నా బేస్తవారాలకు ఏమీ కాలేదు. బావ ఇప్పుడు వ్యాపారస్తుడయ్యాడు కదా అని నేనే ఒకసారి భయపడుతూ అడిగాను. మా ఆయన కాసేపు గడ్డం గీరుకుని, "నా దగ్గరికి రానంతవరకు నాకు తెలీదు" అన్నాడు. తన నియమాన్ని ఆయన వంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఏడాది తిరక్కుండానే హిందూపురం బజారులో వేరే అంగట్లో చింతపూల అంచు చీరలు వేలాడాయి. మరమగ్గం మీద నేసినవి. షావుకారు మండిపడ్డాడు. ధర్మవరమాయన తన అట్టలు పవర్‌లూమువాళ్ళకు అమ్ముకున్నాడని, ఒప్పందం ప్రకారం ఇక ఒక్క చీర కూడా తీసుకోనని కబురు పెట్టాడు. బావ ఊరుకోలేదు, ఆ షావుకారు మోసగాడని ధర్మవరమంతా చెప్పాడు. ఇద్దరూ వకీళ్ళను చూసుకున్నారు. మగ్గాలు ఆగిపోయాయి, ఆ మగ్గాల మీద బతికే ఇళ్ళవాళ్ళు పొద్దున్నే వచ్చి బావ వాకిట్లో ఏమీ అడక్కుండా కూర్చుని పోయేవాళ్ళు. ఆ బేస్తవారం అక్క రాట్నం ముందు ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

"మీ ఆయన్ని కూసోమను మే" అంది.

"కూర్చుంటే నేను రాలేను అక్కా."

"తెల్సు. అది తేలేవరకే కదా. రెండు నెల్లు నువ్వు రాకపోతే నేనేమన్నా సచ్చిపోతానా? కోర్టుకు పోతే ఎన్నేండ్లో. బయట కూసునుండేటోళ్ళను చూసినావు కదా. వాళ్ళు యాడికి పోతారు?"

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "కదిరిలో ఒకాయన ఉండాడు, మంచివాడు. ఆయన కాడికి పొమ్మను. నీకు ఉండేది ఒక్క ఇల్లు" అన్నాడు. బావ కదిరి మాట షావుకారుకు చేరవేశాడు. షావుకారు ఆ మనిషైతే కోర్టే నయమన్నాడు, పెనుకొండలో మా ఆయన కూర్చుంటేనే వస్తానన్నాడు. చివరికి నేనే మా ఆయనతో కూర్చోమని చెప్పాను. చెప్పిన మర్నాడు అక్క పెనుకొండ స్టేషను దాకా వచ్చింది, ఇంటికి రాలేదు. అప్పుడు చదువుతున్న నవల సగంలో ఉంది. "మిగిలిన కత చెప్పేసెయ్, అది తెలీకుండా రెండు నెల్లు నేనుండలేను" అంది. ఎదురు రైలు వచ్చేలోగా రెండు వందల పేజీలు ప్లాట్‌ఫారం మీద నిలబడి గడగడా చెప్పాను. చివర్లో ఆ పిల్ల మేనమామ కొడుకునే చేసుకుంటుందని చెప్పేసరికి రైలు ఆగింది. "ఛీ, ఇంతేనా! దీనికేనా ఇన్ని వారాలు ఏడ్పించింది" అని నన్నే తిట్టి రైలెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఇంకా తిడుతూనే ఉంది.

రాజీ రోజున బావ ముందు వచ్చాడు. నా వైపు చూడలేదు. షావుకారు తరువాత వచ్చాడు, వయసైన మనిషి, చంకలో రెండు చీరలు. ఒకటి బావ నేసింది, ఇంకొకటి మరమగ్గందని. ఇద్దరూ వసారాలో చాప మీద కూర్చున్నారు. నేను తలుపు లోపల ఉన్నాను. మా ఆయన పద్ధతి చెప్పాడు. బావకు ఎక్కువసేపు పట్టలేదు. షావుకారు ముఖంలోకి చూస్తూ అన్నాడు: "ఆ అంచు నీకొక్కనికే అని నమ్మించి, అట్టలు అమ్ముకున్నానని నీ బాధ. నా మాట నమ్మి పెండ్లిళ్ళోళ్ళకు గొప్పగా చెప్పుకుంటివి. ఇప్పుడు బజార్లో తల యెత్తుకోలేకుండా ఉండావు."

"అవును. అదే" అన్నాడు షావుకారు, కొంచెం ఆశ్చర్యంగా.

"ఇప్పుడు నువ్వు చెప్పప్పా, ధర్మవరమాయన బాధేంది?" అన్నాడు మా ఆయన.

"ఆయనకేం బాధ? బాధంతా నాదే."

"నీది అయిపోయింది. ఆయనది చెప్పు."

"సీర్లు నేను తీసుకోల్యా. అదే."

"అదేనా?" అని మా ఆయన బావను అడిగాడు.

"కాదన్నా."

"కాదంటాండాడు. ఇంగోసారి చూడు."

"దుడ్లు ఆగిపోయినాయి."

"అదీ కాదన్నా" అన్నాడు బావ.

షావుకారుకు చిర్రెత్తింది. "ఏందప్పా ఇది, పరీచ్చ పెడ్తాండావా నాకు? ఈ వయసులో నేను ఫెయిలయితే మళ్ళీ ఒకటో తరగతిలో కూసోబెడ్తావా?" అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. మా ఆయన నవ్వలేదు. రెండు చీరలూ విప్పి, అంచులు పక్కపక్కన వచ్చేటట్టు పరిచాడు. "నువ్వే ఆయన అనుకో. ఈ సీర నువ్వు నేసినావు. అది నువ్వు నేయలేదు, కానీ నువ్వే ఇచ్చినావని చెప్తాండారు. ఇప్పుడు మాట్లాడు."

షావుకారు కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. ఒక అంచు మీద వేలు పెట్టి, ఇంకొక అంచు మీదకు జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. "ఈడ మొగ్గ ల్యాదే" అని తనలో తాను అనుకున్నాడు. తరువాత, మెల్లగా, బావ మాట్లాడినట్టుగానే మాట్లాడటం మొదలుపెట్టాడు: "నేను అట్టలే ఇచ్చుంటే... పువ్వుతో బాటు మొగ్గ కూడా పడాల కదా. అట్టలో అన్నీ ఉంటాయి. ఈ నేసినోడు పువ్వును మాత్రమే చూసినాడు. మొగ్గ వానికి అగుపడల్యా..." అక్కడ ఆగిపోయాడు. జేబులోంచి ఫోను తీసి దేనికోసమో వెతికాడు. దొరికాక చాలాసేపు దాన్నే చూశాడు. పండగ ముందు ఆయన కోడలు బావ నేసిన చీరను కుచ్చిళ్ళు పోసి ఫోటో తీసి, అంగడి తరఫున అందరి ఫోన్లకూ పంపింది. మడతలో ప్రతి పువ్వు కిందా మొగ్గ దాగిపోయింది. ఆ ఫోటో చూసి ఎవరో మరమగ్గం మీద నేసుకున్నారు.

"నేనే పంపమంటి" అన్నాడు షావుకారు. ఫోను చాప మీద బోర్లా పెట్టాడు. "నీ బాధ నాకు తెల్సిందప్పా. నువ్వు దొంగవని అంటి. అదీ నీ బాధ."

"అదే సామీ" అన్నాడు బావ. "నేనూ నిన్ను మోసగాడంటి. ఊరంతా చెప్తి. అది తప్పే."

ఆ తరువాత అంతా సులభంగానే జరిగింది. ఆగిన చీరలన్నీ షావుకారు తీసుకోవాలి. కొత్త అంచు ఏదైనా మొదటి పెళ్ళిళ్ళ కాలం గడిచేదాకా ఫోటో తీయకూడదు. ధర్మవరంలో అన్నమాటను బావ ధర్మవరంలోనే వెనక్కి తీసుకోవాలి. కొత్తగా మూడేళ్ళకు ఒప్పందం. మా ఆయన రాస్తూ ఉంటే షావుకారు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంగొక మాట రాయి. ఈ మూడేండ్లలో మాకేమొచ్చినా కోర్టుకు పోము, వకీలు కాడికి పోము, ఈ ఇంటికే వస్తాము. నువ్వే కూసోవాల. ఆ మాట ల్యాకుంటే నేను సంతకం పెట్టను. ఈ పొద్దు నా కండ్లు తెరిపించింది ఈ చాప."

బావ తల వంచుకున్నాడు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసు, మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఎప్పుడైనా కూర్చోవాల్సిన మనిషి ఎప్పుడూ దూరంగానే ఉండాలి. రెండు నెలలు అనుకున్నది మూడేళ్ళవుతుంది. మా ఆయన కలం కింద పెట్టి కదిరి ఆయన పేరు మళ్ళీ ఎత్తాడు. షావుకారు వినలేదు. అప్పుడు మా ఆయన ఎన్నడూ చేయని పని చేశాడు. తలుపు వైపు తిరిగి నన్ను పిలిచి, "ఏమంటావ్?" అని అడిగాడు.

షావుకారు తెల్లబోయి, "ఏమప్పా, పెద్దమనిషి నువ్వా, ఆయమ్మా?" అన్నాడు.

బావ అరచేతులు చాప మీద ఆనించి కూర్చున్నాడు. దారం కోసి కోసి గీతలు పడిన చేతులు. ఆయన వాకిట్లో పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు నాకు గుర్తొచ్చారు. వాళ్ళు గుర్తు రాకపోతే బాగుండుననీ అనిపించింది. "రాయండి" అన్నాను. అని లోపలికి పోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గర నిలబడ్డాను.

సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఏమ్మే, మూడేండ్లా?"

"ఊ."

"రాయమనింది నువ్వేనంట."

"ఊ."

ఫోనులో, వెనకాల ఎక్కడో మగ్గం మొదలైన చప్పుడు వినపడింది. "ఇన్నావా?" అంది అక్క. "విన్నా" అన్నాను. మా ఆయన లెక్కలో మాట కూడా తిండిలాంటిదే. ఒక పక్షంవాళ్ళతో చాటుగా మాట్లాడే ఇంట్లో ఇంకొక పక్షం నమ్మకంగా కూర్చోలేదు. అందుకని అదే మా చివరి ఫోను.

ఆ ఒప్పందం ఇద్దరికీ బాగా కలిసివచ్చింది. మూడేళ్ళు కాగానే హిందూపురంలోనే మళ్ళీ మూడేళ్ళకు రాసుకున్నారు, అది కాగానే మళ్ళీ. ప్రతిసారీ ఆ మాట అందులో ఉండేది. ఒక్కసారి కూడా తగాదా రాలేదు, ఆ చాప మీదికి మళ్ళీ వాళ్ళిద్దరూ రాలేదు. వచ్చి ఉంటే కనీసం బావను చూసేదాన్ని. బేస్తవారాలు మా ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, "ఏదన్నా చదువు, వింటా" అని ఎదురుగా కూర్చునేవాడు. రెండో పేజీ తిరిగేలోపు నిద్రపోయేవాడు. నేను ఆపితే ఉలిక్కిపడి లేచి, "వింటాండా, వింటాండా. ఆ రాజు ఏమైనాడు?" అనేవాడు. ఆ పుస్తకంలో ఏ రాజూ ఉండేవాడు కాదు. అయినా ఏదో ఒక రాజును చంపో, పట్టం కట్టో ముందుకు పోయేదాన్ని. ఒకసారి ధర్మవరం స్టేషనులో రైలు ఆగినప్పుడు ఎదురు ప్లాట్‌ఫారం మీద అక్క కనపడింది. జుట్టు నెరిసింది. చంకలో మనవరాలు. నన్ను చూసి ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని నావైపు ఊపింది. తన చెయ్యి మాత్రం ఎత్తలేదు. మా ఆయన నా పక్కనే ఉన్నాడు. చూడనట్టుగా ఇంకొక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మా ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పోయిన రోజు రెండు ఊళ్ళ పట్టు వ్యాపారస్తులంతా వచ్చారు. అక్క కూడా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మా మధ్య ఉన్నవి అంతమంది జనంలో మాట్లాడే మాటలు కావు. అన్నీ అయ్యాక, ఇక ఏ ఒప్పందంలోనూ మా ఇంటి మాట లేదని తెలిశాక, ఒక బేస్తవారం ధర్మవరం పోయాను. చేతిలో ఒక నవల పట్టుకుని పోయాను, ఏది తీసుకోవాలో తెలియక చాలా వెతికి తీసుకున్నది.

ఇల్లు మారింది. గుంత మగ్గాలు వెనక షెడ్డులోకి పోయాయి, ముందు గదిలో సోఫాలు. అక్క నన్ను సోఫాలో కూర్చోబెట్టింది, గోడకు ఆనుకునే అలవాటు కొద్దీ నేను కింద కూర్చోబోతే "అయ్యో, కింద వద్దు మే" అంది. ఉగ్గాని పెట్టింది. బాగుంది. బావకు మోకాళ్ళ నొప్పులు, వ్యాపారం అల్లుడు చూస్తున్నాడు. ఎవరెవరు పోయారో, ఎవరికి పిల్లలు పుట్టారో చెప్పుకున్నాం. ఇన్నేళ్ళ సంగతులు ఒక ప్లేటు ఉగ్గాని అయ్యేలోపలే అయిపోయాయి. అప్పుడు నేను పుస్తకం తీశాను. అక్క సంతోషంగా "చదువు, చదువు" అంది. చదివాను. ఆమె కదలకుండా కూర్చుని, మర్యాదగా, మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా విన్నది. ఒక అధ్యాయం అయ్యాక, "బాగుండాది మే. ఇప్పుడు ఫోన్లోనే కతలు చదివి ఇనిపిస్తాండారు, నేను పనికి కూసున్నప్పుడు పెట్టుకుంటా" అంది. నా మనసు కష్టపెట్టాలని అన్న మాట కాదు. తాను ఇన్నాళ్ళూ ఎలా గడిపిందో చెబుతోంది. నేను పుస్తకాలతో గడిపినట్టే.

రైలు టైమయింది. అక్క వీధి చివరిదాకా వచ్చింది. ఆటో ఎక్కుతుంటే నా భుజం మీద చెయ్యి వేసి, "మళ్ళా ఎప్పుడొస్తావ్ మే?" అని అడిగింది.

ఆ పాత రోజుల్లో ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. బేస్తవారం వస్తే నేను వస్తాను, అంతే. అందులో అడగడానికేముంది?

"వస్తాలే అక్కా" అన్నాను. పోతూనే ఉన్నాను, నెలకో రెండు నెలలకో. పోయిన ప్రతిసారీ ఆమె సంతోషపడుతుంది, నేను సంతోషపడతాను, ఇద్దరం కొంచెం ముందుగానే గడియారం చూసుకుంటాం. ఎవరు ఎవరికి ఏం బాకీపడ్డారని కూర్చోబెట్టి అడగడానికి మా ఆయన కూడా లేడు. ఉన్నా ఆయనకు పనుండేది కాదు. కాలం మా ఇద్దరి దగ్గరా సమానంగానే తీసుకుంది, తగాదా పడటానికి ఇద్దరికీ ఎదుటిపక్షం లేకుండా పోయింది.